అడగండి, చెబుతాం: కొయ్య మేకులు, కాని వాటాలు, పదహారుకు ఒకటి వెండి

గత సంచికలో "1896లో ఓడిన ఉపాధ్యక్ష అభ్యర్థి" పేరుతో అమెరికా ఓడల యజమాని ఆర్థర్ సూవల్ మీద అరపేజీ వేశాం. దానికి సరిహద్దు జిల్లాల నుంచి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. చదవనివాళ్ళ కోసం ఆ అరపేజీ సారం ఇది. సూవల్ 1835లో మెయిన్ రాష్ట్రంలో, కెనెబెక్ నది ఒడ్డునున్న బాత్ పట్టణంలో పుట్టాడు. ఇంగ్లండులోని బాత్ ఊరి పేరే తెచ్చి పెట్టుకున్నారు. తండ్రి విలియం డన్నింగ్ సూవల్ 1823 నుంచీ ఓడలు కట్టిస్తున్నవాడు. ఆర్థర్, అన్న ఎడ్వర్డ్ కలిసి 1854లో సొంత కంపెనీ పెట్టారు. 1879లో అన్న పోయాక అది ఆర్థర్ సూవల్ అండ్ కంపెనీ అయింది. ఆయనే మెయిన్ సెంట్రల్ రైల్వేకి అధ్యక్షుడు, బాత్‌లో ఒక బ్యాంకుకీ అధ్యక్షుడు. 1896లో విలియం జెన్నింగ్స్ బ్రయన్ పక్కన డెమోక్రాట్ల తరఫున నిలబడి ఓడాడు. 1900 సెప్టెంబరులో చనిపోయాడు.

మావైపు కుట్టు పడవకి ఒక్క ఇనుప మేకు ఉండేది కాదు, పలకలు కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. సూవల్ ఓడల పలకలను కూడా చాలావరకు కొయ్య మేకులతోనే బిగించారని రాశారు. అంత ఓడకి కొయ్య మేకులేంటండీ? – పడవ యజమాని, గోపాలపురం

ఇనుము బొత్తిగా లేకుండా కాదు. వెన్నుదూలాలకు, అడ్డదూలాలకు పొడవాటి ఇనుప బోల్టులు వేశారు. పైపలకలను ఎముకలకు, అంటే ఓడ గోడను లోపల నిలబెట్టే వంపు దూలాలకు, పట్టే పని మాత్రం ఎక్కువగా కొయ్య మేకులదే. 1892లో దిగిన 'రోనోక్' లాంటి ఓడకు లక్షకు దగ్గరగా కొయ్య మేకులు పట్టాయి.

మేకుకు వాడిన కలప లోకస్ట్ అనే ముళ్ళచెట్టుది. గట్టిది, నీళ్ళలో త్వరగా పాడవదు. మేకు లావు అంగుళంపాతిక వరకు ఉంటుంది. పొడవు తరచు రెండడుగులు దాటుతుంది, ఎందుకంటే పైపలక, ఎముక, లోపలిపలక మూడూ దాటి అవతల తేలాలి. బరమాతో తొలిచే చిల్లు మేకు కన్నా వీసం అంగుళం సన్నంగా ఉండాలి. పెద్ద కొయ్యసుత్తితో దిగ్గొట్టాక బయటి కొస పలక మట్టానికి కోసేస్తారు. కోసిన ముఖంలో ఉలితో గాటు పెట్టి, ఎండిన ఓక్ చీలిక బిగిస్తారు. లోపలి కొసకీ అంతే. రెండు కొసలూ విచ్చుకోవడంతో మేకు ఎటూ జారదు. ఆ గాటు పలక గీతకు, అంటే చెక్క నార సాగే దిశకు, అడ్డంగా ఉండాలి. గీత వెంబడి పెడితే చీలిక బిగించిన కొద్దీ పలకే పగులుతుంది.

మేకు పూర్తిగా ఎండి ఉండడం ముఖ్యం. ఎండు మేకు నీళ్ళు తాగి ఉబ్బి చిల్లును కరుచుకుంటుంది. పచ్చి మేకు కొడితే కొట్టిన రోజు బిగుతుగానే ఉంటుంది, తర్వాత ఎండి సన్నబడి చిల్లులో కదులుతుంది, ఒక్కో మేకూ ఒక్కో ఊట అవుతుంది. ఇనుప మేకుతో ఇబ్బంది వేరు. ఓక్ చెక్కలో కరక్కాయలో ఉన్నట్టే వగరు పదార్థం ఉంది. తడి తగిలితే అది ఇనుమును తినేస్తుంది, ఆ తుప్పు చుట్టూ ఉన్న చెక్కను నల్లగా, పిప్పిగా చేస్తుంది. మేకూ పోతుంది, మేకు పట్టిన చోటూ పోతుంది.

మీ కుట్టు పడవ ఒడ్డున విరిగే అలలో పడి లేవాలి. అందుకే దానికి లోపల ఎముకలు లేవు, కుట్ల కింద పీచూ గడ్డీ వత్తుగా పెట్టి, వంగేలా కట్టారు. ఒంగితేనే బతుకుతుంది. మూడొందల అడుగుల ఓడకు ఒంగడమే చావు. కింద ప్రశ్నకు జవాబు కూడా అదే.

రోనోక్ పొడవు 311 అడుగులు. నాలుగొందల అడుగులది ఎందుకు కట్టలేదు? డబ్బు లేకా? – ఇంజనీరింగ్ విద్యార్థి, బరంపురం

డబ్బు ఉంది. చెక్కే ఒప్పుకోలేదు.

ఓడ నడుం లావు, రెండు కొసలు సన్నం. నీరు పైకి నెట్టే బలం నడుం దగ్గర ఎక్కువ, కొసల దగ్గర తక్కువ. బరువు మాత్రం కొసల్లోనూ ఉంటుంది. దాంతో ముక్కూ తోకా కిందికి వాలి నడుం పైకి లేస్తుంది. నడుం కింద అల శిఖరం వచ్చినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఉక్కు ఓడలో రేకుకి రేకు రివెట్లతో కలిసి గోడంతా ఒకే ముక్కలా నిలుస్తుంది. కొయ్య ఓడలో ఏ పలకకు ఆ పలకే. ఓడ వంగినప్పుడల్లా పక్కపక్క పలకలు ఒకదాని మీద ఒకటి జరుగుతాయి. పుస్తకాన్ని చేతిలో పట్టి వంచండి, కాగితాల అంచులు మెట్లుగా జరుగుతాయి కదా, అదే ఇది. జరిగిన ప్రతిసారీ సందుల్లో కూరిన నార వదులవుతుంది. పొడవు పెరిగేకొద్దీ ఈ జరుగుడు పొడవుతో సమానంగా కాక, దాన్ని మించి పెరుగుతుంది.

విరుగుడులు లేకపోలేదు. వెన్నుదూలం మీద దూలాలు వరసగా పేర్చి బోల్టులు దింపడం, లోపలిపలకలు పైవాటి కన్నా మందంగా వేయడం, ఎముకల మీద ఏటవాలుగా ఇనుప పట్టీలు తాపడం లాంటివి అన్నీ చేశారు. అయినా మూడొందలు దాటాక పంపు ఆగకూడదు. సూవల్ 1890 నుంచి 1892 వరకు వరసగా నాలుగు పెద్ద కొయ్య ఓడలు దింపాడు: రాపహానక్, షెనాండోవా, సస్క్వెహానా, రోనోక్. నాలుగోది అన్నిటికన్నా పెద్దది, ఆయన కట్టించిన కొయ్య ఓడల్లో ఆఖరి పెద్దదీ అదే. హద్దు ఎక్కడుందో ఆయనకి తెలిసిందనే మా అభిప్రాయం. ఎందుకంటే 1894లో అదే పొడవుకు ఉక్కుతో 'డిరిగో' దింపాడు.

ఓడకి చెప్పే టన్నులంటే బరువేనా? – ఛత్రపురం

కాదు. రిజిస్టరు టన్ను అంటే వంద ఘనపుటడుగుల చోటు. రోనోక్ సుమారు 3,500 టన్నులంటే మూడున్నర లక్షల ఘనపుటడుగుల కడుపు. మోసే సరుకు బరువు ఆ అంకె కన్నా చాలా ఎక్కువ.

అలాంటి ఓడకు ఏ కలప ఎంత పట్టేది? ఓక్ బదులు మన గుగ్గిలం మాను గానీ టేకు గానీ పనికొచ్చేవా? – కలప డిపో, రాయగడ

పెద్ద ఓడ ఒక్కదానికి దక్షిణాది పసుపు పైన్ ఒక్కటే పన్నెండు లక్షల బోర్డు అడుగులకు పైగా పట్టింది. బోర్డు అడుగు అంటే అడుగు చదరం, అంగుళం మందం. మీ డిపో లెక్కలో పన్నెండు కలిస్తే ఒక సి.ఎఫ్.టి. (ఘనపుటడుగు), కాబట్టి లక్ష సి.ఎఫ్.టి. అన్నమాట. ఈ పైన్ సి.ఎఫ్.టి.కి పద్దెనిమిది కిలోలు వేసుకుంటే 1,800 టన్నులు. పది టన్నుల లారీకి 180 ట్రిప్పులు. ఇది కాక ఎముకలకు ఓక్ వేరే.

దూలానికీ గోడకీ మధ్య మూలల్లో పెట్టే వంకకలప లార్చ్ జాతి చెట్టు నుంచి వచ్చేది. మొదలు, వేరు కలిసే చోట ఎల్ ఆకారంలో తవ్వి తీస్తారు. గీత వంపు వెంబడే తిరిగి ఉంటుంది కాబట్టి చీలదు. నిలువు దుంగలో అదే ఆకారం కోస్తే మూల దగ్గర గీత తెగిపోయి, బరువు పడగానే అక్కడే విరుగుతుంది.

ఇక మన కలపలు. సాలు, అంటే మన గుగ్గిలం మాను, సి.ఎఫ్.టి.కి 24 కిలోల దాకా తూగుతుంది. ఓక్ 21, టేకు 18. సాలు వెన్నుదూలానికి, కింది దూలాలకు బాగుంటుంది. పైపలకలకు మాత్రం వద్దు. ఆరడానికి ఏళ్ళు పడుతుంది, ఆరేటప్పుడు ముఖం మీద పగుళ్ళు వస్తాయి, మేకు దింపాలంటే చేతులు పడిపోతాయి. టేకు అన్నిటికన్నా మేలు. దాని నూనె ఇనుమును తినదు సరికదా కాపాడుతుంది. కానీ బాత్ వాళ్ళకు టేకు దొరకదు, దొరికినా ఆ ధరకి ఓడ గిట్టదు. సాలు చెట్టు ఇచ్చే అసలు ఓడసామాను దాని జిగురే. గుగ్గిలం నూనెలో కాచి పడవ సందులకు పూసే పని మన తీరంలో కొత్తది కాదు. బాత్‌లో ఆ పని తారు చేసింది. ముందు తారు పట్టిన జనపనార పోగుల్ని ఇనుప ఉలితో సందులో పొరలు పొరలుగా కూరి, పైన వేడి కీలు (చిక్కటి తారు) పోసేవారు. నార తక్కువైతే కారుతుంది. మరీ ఎక్కువ కూరితే పలక ఉబ్బినప్పుడు బయటికి కక్కేస్తుంది, లేదా పలకనే ఎముక మీంచి నెట్టేస్తుంది.

ఇంకొక్క మాట, మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేం. కొయ్య ఓడను కుళ్ళబెట్టేది సముద్రపు నీరు కాదు, వాననీరు. అందుకే ఎముకల మధ్య ఖాళీల్లో పైనుంచి రాళ్ళ ఉప్పు పోసి దట్టించేవారు. మన హుమ్మా ఉప్పు మళ్ళలో గుట్టలు పోసినట్టే అనుకోండి, కాకపోతే ఓడ గోడల లోపల. ఉప్పు నింపిన ఓడకు బీమా వర్గంలో మంచి స్థానం దక్కేది. అది కరుగుతూ ఉంటుంది కాబట్టి అప్పుడప్పుడు మళ్ళీ నింపాలి. ఉప్పు చెమ్మకి పక్కనున్న ఇనుము తుప్పు పడుతుంది, అది మాత్రం భరించాల్సిందే.

మా ఊళ్ళో పడవని పదిమంది "హైలెస్సా" అని తోస్తే దిగుతుంది. రెండువేల టన్నుల ఓడని ఎవరు తోశారు? – ఆర్యపల్లి

ఎవరూ తోయరు. వాలు, కొవ్వు కలిసి దింపుతాయి. మనుషుల పని ఓడని వదలడం వరకే.

ఓడ కట్టినన్నాళ్ళూ వెన్ను కింద కొయ్య దిమ్మల మీద నిలబడుతుంది. దింపే ముందు దాని కింద రెండు పక్కలా నదిలోకి వాలే రెండు కొయ్య బాటలు వేస్తారు. వాలు అడుగుకు అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం. ఆ బాటల ముఖానికి జంతువుల కొవ్వు కరిగించి పోసి, గట్టిపడ్డాక పైన మెత్తని సబ్బు పూస్తారు. వాటి మీద జారే బాటలు పెట్టి, అక్కణ్ణుంచి ఓడ పొట్ట దాకా తొట్టిలా దుంగలు పేరుస్తారు. ఆ దుంగల మధ్య వందల కొద్దీ చీలలు (ఒక కొస పలచనైన కొయ్య ముక్కలు) ఉంటాయి.

దింపే రోజు, నది పోటు నిండే వేళకి, రెండు పక్కలా బారులు తీరిన వడ్రంగులు ఒక్కసారిగా చీలలు కొడతారు. కాసేపు కొట్టి ఆగుతారు, మళ్ళీ కొడతారు. కొట్టేకొద్దీ ఓడ బరువు వెన్ను దిమ్మల మీంచి తొట్టి మీదికి మారుతుంది. ఎత్తు పెరిగేది వెంట్రుకవాసి, అదే చాలు. ఆపైన తోక వైపు నుంచి ముక్కు వైపుకు వెన్ను దిమ్మలు ఒక్కొక్కటే పగలగొట్టి లాగేస్తారు. చివరికి ఓడని పట్టి ఉంచేది ముక్కు దగ్గర రెండు పలకలే. రెండిటినీ రెండు రంపాలతో ఒకేసారి కోస్తారు. సగం కోతలోనే పలక చిట్లుతుంది, ఆ శబ్దం వినగానే రంపం వదిలి పక్కకి తప్పుకోవాలి.

దీనికి లెక్క ఉంది. ఓడ బరువు 2,000 టన్నులు, ఒక్కో జారుబాట 250 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు అనుకోండి. రెండూ కలిపి 1,000 చదరపుటడుగులు, అంటే చదరపుటడుగుకు 2 టన్నులు. కొవ్వు ఆ మాత్రం ఓర్చుకుంటుంది. బాట సన్నం చేస్తే కొవ్వు పక్కలకి పిండుకుపోయి చెక్క మీద చెక్క రాసుకుని పొగ లేస్తుంది, ఓడ సగం దారిలో నిలిచిపోతుంది. బయట చలి ఎక్కువైతే కొవ్వు బిగుసుకుని అసలు కదలదు. డిరిగోని ఫిబ్రవరిలో దింపారు. మెయిన్‌లో ఫిబ్రవరి అంటే నది మీద మంచు గడ్డలు తేలే నెల. అలాంటప్పుడు గట్టి కొవ్వు తగ్గించి మెత్తని పూత పెంచుతారు. ఇంకో ప్రమాదం: తోక నీళ్ళలో తేలగానే ఓడ ముక్కు మీద వాలి తిరుగుతుంది, ఆ క్షణంలో బరువంతా ముక్కు కింది దుంగల మీదే. అక్కడ బలం చాలకపోతే దిగే రోజే నడుం విరుగుతుంది. దిగాక నది అవతలి ఒడ్డుని గుద్దకుండా లంగరు వదిలి ఆపుతారు.

ఇంత పెట్టుబడి ఒక్క కుటుంబానిదేనా? – పర్లాకిమిడి

కాదు. మెయిన్ తీరంలో ఓడని 64 వాటాలుగా చీల్చేవారు. మన పాత రూపాయికి 16 అణాలు, 64 పైసలు. కాని అంటే అరవై నాలుగో వంతు. అంటే వాళ్ళ వాటా సరిగ్గా మన కాని వాటా. కెప్టెన్ అణా వాటా కొనేవాడు, అంటే నాలుగు కానులు. ఓడ బాగుంటే తనూ బాగుంటాడని ఆ ఏర్పాటు. తెరచాపలు కుట్టినవాడు, తాళ్ళు పేనినవాడు, ఇనుపసామాను ఇచ్చినవాడు బిల్లుకి బదులు ఒకటో రెండో కానులు తీసుకునేవారు. ఓడ ఖర్చు 1,60,000 డాలర్లు అనుకుంటే కాని వాటా 2,500. ప్రయాణం ముగిశాక కిరాయి లోంచి జీతాలు, మరమ్మతు, రేవు ఖర్చు పోగా మిగిలినది వాటాల వారీగా పంచుతారు. పంపకం చేసేది, సరుకు మాట్లాడేది, కెప్టెన్ని పెట్టేది, తీసేది నిర్వాహక యజమాని, అంటే సూవల్. దాని మీద కమీషన్ వేరే. కాబట్టి ఏదైనా ఏడాది వాటాదారుకు ఏమీ మిగలకపోయినా నిర్వాహకుడికి కొంత మిగులుతుంది. ఇది చూడకుండా సూవల్ సంపాదనని అంచనా వేయలేం. తెలివైన వాటాదారు ఒక్క ఓడలో పదహారు కానులు కొనడు, పదహారు ఓడల్లో ఒక్కో కాని కొంటాడు.

రాపహానక్ బొగ్గు మంటల్లో కాలిపోయిందని రాశారు. నిప్పు ఎవరు పెట్టారు? – బొగ్గు గని ఉద్యోగి, చంద్రపూర్

ఎవరూ పెట్టలేదు. మీ బొగ్గు గుట్టల్లో జరిగేదే. 1891లో లివర్‌పూల్ నుంచి బొగ్గు వేసుకుని శాన్ ఫ్రాన్సిస్కో బయల్దేరిన ఆ ఓడ, చిలీ ఎదుటి హువాన్ ఫెర్నాండెజ్ దీవి దగ్గర కాలిపోయింది. దింపి రెండేళ్ళు కూడా నిండలేదు.

బొగ్గు గాలిలో ప్రాణవాయువును పీల్చుకుని వేడెక్కుతుంది. పెద్ద పెళ్ళకన్నా పొడి తొందరగా వేడెక్కుతుంది, ముఖం ఎక్కువ కాబట్టి. ఎత్తైన రేవు గట్టు నుంచి అరలోకి పోస్తే పెళ్ళలు చితికి, నోటి కింద పొడి గుట్టగా పడుతుంది. నిప్పు సాధారణంగా పుట్టేది అక్కడే. తడిసిన బొగ్గు ఎక్కిస్తే ఇంకా చెడ్డ. గాలి విషయంలోనే చాలామంది పొరపాటు పడతారు. పైన చేరిన వాయువు పోవడానికి గుట్ట పైముఖం మీద గాలి ఆడాలి. గుట్ట లోపలికి మాత్రం గొట్టాలు దింపి గాలి పంపకూడదు. అది చల్లబరచడానికి చాలదు, రాజెయ్యడానికి సరిపోతుంది. నాలుగైదు చోట్ల మూసిన గొట్టాల్లో తాడుకు కట్టిన థర్మామీటరు దింపి రోజూ రాసుకోవాలి. అంకె వరసగా పెరుగుతుంటే తలుపులు బిగించి దగ్గరి రేవుకు పరిగెత్తాలి. ఆ దారిలో దగ్గరి రేవు అంటే ఒక్కోసారి మూడు వారాలు.

పదహారుకు ఒకటి వెండి అంటే ఏమిటి? బ్యాంకు నడిపే మనిషి దాన్ని ఎందుకు సమర్థించాడు? – వెండి వ్యాపారి, బరంపురం

అమెరికా వెండి డాలరులో 371.25 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తులంలో 180వ వంతు) శుద్ధ వెండి. బంగారు డాలరు లెక్కకు 23.22 గ్రెయిన్ల బంగారం. భాగిస్తే పదహారు వస్తుంది. 1873 చట్టం వెండి డాలర్ల ముద్రణ ఆపేసింది. ఎవరు వెండి తెచ్చినా పాత పదహారు లెక్కనే డాలర్లు కొట్టి ఇవ్వాలన్నది 1896లో బ్రయన్ కోరిక. అప్పటికి బజారులో ఒక తూకం బంగారానికి ముప్పై తూకాల వెండి వస్తోంది. అంటే డాలరు బిళ్ళలో ఉన్న వెండి విలువ 52 సెంట్లు. అప్పుల్లో మునిగిన రైతుకు అది వరం, అప్పిచ్చినవాడికి సగం పోటు.

మీకు తెలిసిన కోణం నుంచి చెప్పాలంటే, మన పాత రూపాయి సరిగ్గా తులం, 180 గ్రెయిన్లు, పన్నెండుకి పదకొండు పాళ్ళు శుద్ధ వెండి. 1893 జూన్ 26 దాకా ఎవరైనా కలకత్తా, బొంబాయి టంకశాలల్లో వెండి ఇచ్చి రూపాయలు పుచ్చుకోవచ్చు. ఆ రోజు ఆ తలుపు మూశారు. ప్రపంచంలో వెండిని అంతగా మింగే నోరు మూసుకునేసరికి ధర దభాలున పడింది. అదే ఏడాది అమెరికాలో బ్యాంకులు మూతపడ్డాయి, వెండి కొనుగోలు చట్టం రద్దయింది. బ్రయన్ గెలవబోయి ఓడిన ఎన్నికకు సగం పునాది ఇక్కడ పడింది.

సూవల్ ఎందుకంటారా? ఆయన ఓడలు వెళ్ళే తూర్పు దేశాలు వెండితో లావాదేవీలు చేసేవి. అది ఒక కారణం అయి ఉండవచ్చని మా ఊహ. పార్టీ లెక్క మాత్రం స్పష్టం: పడమటి మనిషి బ్రయన్ పక్కన తూర్పు తీరం మనిషి, అందులో చేతిలో డబ్బున్నవాడు కావాలి. వెండినే కోరే పాపులిస్టు పార్టీ బ్రయన్‌ని ఒప్పుకుంది గానీ సూవల్‌ని ఒప్పుకోలేదు. రైల్వే, బ్యాంకు రెండూ ఉన్నవాణ్ణి రైతుల పార్టీ ఎలా మోస్తుంది? జార్జియా మనిషి థామస్ వాట్సన్‌ని పెట్టుకుంది. ఒకే అధ్యక్ష అభ్యర్థికి ఇద్దరు ఉపాధ్యక్ష అభ్యర్థులు! ఎలక్టొరల్ ఓట్లలో (రాష్ట్రాల తరఫున అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఓట్లు) రిపబ్లికన్ అభ్యర్థి మెకిన్లీకి 271, బ్రయన్‌కి 176. ఆ 176లో సూవల్‌కి 149, వాట్సన్‌కి 27. మెయిన్ రాష్ట్రం కూడా మెకిన్లీకే వేసింది.

ఇంట్లోవాళ్ళైనా వేశారా? – జయపురం

పెద్ద కొడుకు హెరాల్డ్ వేసి ఉండడు! అతను రిపబ్లికన్, బహిరంగంగా మెకిన్లీ పక్షం. గెలిచిన మెకిన్లీ 1897లో అతన్ని హవాయికి అమెరికా రాయబారిగా పంపాడు. 1898లో హవాయి అమెరికాలో కలిసినప్పుడు అక్కడ అధికారం అందుకున్నది అతనే.

ఇందులో ఓడల సంగతి ఉంది. అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకి సరుకు మోయాలంటే అమెరికాలో కట్టిన ఓడే కావాలని చట్టం. న్యూయార్క్ నుంచి దక్షిణ అమెరికా చివరి కేప్ హార్న్ చుట్టి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్ళే నాలుగైదు నెలల దారి కూడా ఈ చట్టం కళ్ళకి తీరప్రయాణమే. చవకైన బ్రిటిష్ ఓడలు దాంట్లోకి రాలేవు. సూవల్ ఓడలు అంతకాలం నిలవడానికి ఈ కంచే ముఖ్య కారణం, గాలి కాదు. హవాయి కలిశాక అక్కడి చక్కెర కూడా ఈ కంచె లోపలికే వచ్చింది, సూవల్ ఉక్కు ఓడలు ఆ చక్కెర మోశాయి. తండ్రీకొడుకులు ఎన్నికల్లో చెరో వైపు ఉన్నా సరుకు ఒకవైపే వచ్చిందన్నమాట.

స్టీమర్లు వచ్చేసిన కాలంలో తెరచాపకి పనేముంది? మా తాతలు రంగం (బర్మాలోని రంగూన్) పోయింది స్టీమర్లోనే. – గుణుపురం

గోపాలపురం నుంచి రంగం దగ్గరి దారి, టిక్కెట్టు జనం, రోజు లెక్క ముఖ్యం. అక్కడ స్టీమరుదే రాజ్యం. సూయజ్ కాలువ 1869లో తెరిచాక మన దారి మొత్తం స్టీమరుదే అయింది, తెరచాప ఓడకు ఆ కాలువా, ఎర్రసముద్రపు గాలులూ పనికిరావు. కేప్ హార్న్ దారిలో బొగ్గు దొరికే చోట్లు తక్కువ, బొగ్గు మోస్తే సరుకుకి చోటు లేదు. గోధుమ, బొగ్గు, చక్కెర, కిరసనాయిలు లాంటివి నెల ఆలస్యమైనా చెడవు. అలాంటి సరుకుకి గాలి చాలు.

కిరసనాయిలు మాట వచ్చింది కాబట్టి: అయిదు గ్యాలన్ల చదరపు రేకు డబ్బాలు రెండేసి ఒక చెక్కపెట్టెలో పెట్టి పంపేవారు. డబ్బాకి దాదాపు 19 లీటర్లు. మన ఇళ్ళల్లో నీళ్ళ కావడికీ, ధాన్యం కొలవడానికీ, చివరికి పైకప్పు రేకుకీ పనికొచ్చిన డబ్బా ఈ జాతిదే. స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ 1900 నుంచి 1902 వరకు ఆస్ట్రల్, ఆక్మీ, అట్లాస్ అనే మూడు ఉక్కు తెరచాప ఓడలు సూవల్ యార్డులోనే కట్టించుకుంది. తూర్పు దేశాలకు ఈ పెట్టెలు మోయడానికే. ఒక్కో ఓడలో లక్షకు పైగా పెట్టెలు పట్టేవి.

ఆయన ఓడలేమైనా మిగిలాయా? – బరంపురం

లేవు. రోనోక్ 1905లో పసిఫిక్ దీవి న్యూ కాలెడోనియాలో క్రోమ్ ఖనిజం ఎక్కిస్తుండగా కాలిపోయింది. సస్క్వెహానా అదే ఏడాది అదే దీవి నుంచి నికెల్ ఖనిజంతో బయల్దేరి దారిలో మునిగింది. ఖనిజం చిన్న చోటులో పెద్ద బరువు. అడుగున పోస్తే ఓడ ఊపు కుదుపుగా మారి తెరచాప కొయ్యలనూ పలకల సందులనూ పీకేస్తుంది, అందుకే కొంత పై అంతస్తులో కుప్ప పోయాలి. పాత కొయ్య ఓడకు అదీ చాలదు. డిరిగోని 1917 మేలో జర్మన్ జలాంతర్గామి ముంచింది. ఆర్థర్ పోయాక 1901లో దిగిన 'విలియం పి. ఫ్రై' గోధుమలతో వెళ్తుంటే 1915 జనవరిలో జర్మన్ ఓడ ఒకటి పట్టుకుంది. ముందు గోధుమలు సముద్రంలో పారబోయించారు, పని సాగడం లేదని మర్నాడు ఓడనే ముంచేశారు. ఉత్తరాలు, ఖాతా పుస్తకాలు మాత్రం బాత్‌లోని మెయిన్ సముద్రయాన మ్యూజియంలో ఉన్నాయి.